ఆట ఆపేశాక మొదలయ్యే ట్రైనింగ్

(విజయవాడలో ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ముందు మాట్లాడిన ప్రసంగం. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? సరే.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే గవర్నమెంట్లు వీడియో గేమ్ టెక్నాలజీని ట్రైనింగ్‌కి ఎలా వాడుకుంటున్నాయి అని. ఈ మాట వినగానే మీలో చాలామందికి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని గన్ పట్టుకున్న సోల్జర్ ఫోటో గుర్తొచ్చి ఉంటుంది. ఆ ఫోటో తప్పేం కాదు, నిజంగానే అలాంటివి ఉన్నాయి. కానీ ఇన్నేళ్ళుగా ఈ ఫీల్డ్‌ని చూస్తూ నాకు అర్థమైంది ఏంటంటే, అసలు పని హెడ్‌సెట్ తీసేశాక జరుగుతుంది. అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చుని, స్క్రీన్ మీద ఇందాక జరిగిందంతా మళ్ళీ వేసుకుని చూస్తూ, "నువ్వు ఆ గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయావు, నీకు రేడియోలో చెప్పింది వినపడలేదా" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునే అరగంట ఉంటుంది చూడండి, దాని కోసమే ఈ ఖర్చంతా. సైన్యం వాళ్ళు దాన్ని ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అంటారు, షార్ట్‌గా ఏఏఆర్. ఇవాళ నేను ఏ కథ చెప్పినా తిరిగి తిరిగి ఈ ఏఏఆర్ దగ్గరికే వస్తాను, ముందే చెప్తున్నా.

కంప్యూటర్ కన్నా ముందు నుంచి మొదలుపెడదాం. 1929, అమెరికా, న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్టన్ అనే ఊరు. ఎడ్విన్ లింక్ అని పాతికేళ్ళ కుర్రాడు, వాళ్ళ నాన్నది పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. మన హార్మోనియంలో గాలి తిత్తి ఉంటుంది కదా, ఆర్గన్‌లోనూ అలాంటివే పెద్దవి ఉంటాయి, ఈయన ఆ తిత్తుల్నీ పంపుల్నీ తీసుకొచ్చి ఒక పొట్టి విమానం కింద బిగించాడు. లోపల కూర్చుని స్టిక్ కదిపితే ఆ బొమ్మ విమానం ముందుకి వెనక్కి వాలుతుంది, పక్కలకి ఒరుగుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. పైలట్లకి నేర్పడానికి చేశాను బాబూ అంటే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, అమ్యూజ్‌మెంట్ పార్కుల వాళ్ళు మాత్రం కొన్నారు, నాణెం వేసి పిల్లలు ఎక్కే రైడ్‌గా పెట్టుకోడానికి. చూడండి, ఆటకీ ట్రైనింగ్‌కీ ఉన్న చుట్టరికం అప్పటిది.

తర్వాత 1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేట్ కంపెనీల ఎయిర్ మెయిల్ కాంట్రాక్టులు రద్దు చేసి ఉత్తరాలు మోసే పని ఆర్మీ పైలట్లకి అప్పజెప్పింది. చలికాలం, మంచు, పొగమంచు, రాత్రిపూట ప్రయాణం, వాళ్ళకేమో బయట కనపడకపోతే మీటర్లు మాత్రమే చూసి నడిపే అలవాటు లేదు. కొన్ని వారాల్లోనే డజను మంది దాకా పోయారు. అప్పుడు గుర్తొచ్చాడు లింక్. ఆర్మీ ఆరు ట్రైనర్లు కొంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఆ నీలం డబ్బాలో, దాని పేరే బ్లూ బాక్స్, సుమారు 5 లక్షల మంది శిక్షణ తీసుకున్నారని చెప్తారు.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం విమానం కాదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ టేబుల్ మీద ఒక మ్యాప్ పరిచి ఉంటుంది, దాని మీద మూడు చక్రాల చిన్న బండి ఒకటి పాకుతూ ఉంటుంది, దాన్ని క్రాబ్ అనేవాళ్ళు. మూత వేసిన డబ్బాలో కూర్చున్న కుర్రాడు నేను తిన్నగా వెళ్తున్నా అనుకుంటూ ఉంటాడు, క్రాబ్ మాత్రం వాడు నిజంగా ఎటు వెళ్ళాడో ఇంకుతో గీత గీస్తూ పోతుంది. మూత తీసి బయటికొచ్చాక ఆ గీత చూపిస్తారు. "నువ్వు ఇక్కడ ఉన్నానన్నావు, ఇదిగో ఇక్కడున్నావు." రీప్లే అంటే ఇదే. 1930లలోనే ఉంది.

ఇప్పుడు వీడియో గేమ్స్‌కి వద్దాం. 1980లో అటారీ కంపెనీ బ్యాటిల్‌జోన్ అని ఆర్కేడ్ గేమ్ తెచ్చింది, నల్ల స్క్రీన్ మీద పచ్చ గీతలతో ట్యాంకులు, కొండలు, ఇప్పుడు చూస్తే చాలా సింపుల్‌గా ఉంటుంది కానీ ట్యాంక్ లోపల కూర్చుని చూస్తున్నట్టు ఫస్ట్ పర్సన్‌లో త్రీడీ అనేది అప్పటికి గొప్ప సంగతి. అది చూసి ఆర్మీ వైపు నుంచి మనుషులు వచ్చారు, బ్రాడ్లీ అనే సాయుధ వాహనంలో గన్నర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి దీన్ని మార్చి ఇస్తారా అని. గేమ్ రాసిన ప్రోగ్రామర్ ఎడ్ రోట్‌బర్గ్‌కి అది ఇష్టం లేదు, నా కోడ్ ఈ పనికి వాడటం నాకొద్దు అన్నాడు, చివరికి ఇంకెప్పుడూ మిలిటరీ పని నాతో చేయించకూడదు అని మాట తీసుకుని చేశాడు. ఆయన ఆ షరతు పెట్టినందుకు నాకు గౌరవం. రేపు మీరు ఉద్యోగాల్లో చేరాక ఇలాంటి ప్రాజెక్ట్ మీ టేబుల్ మీదకి వస్తే మీకు కూడా అడిగే హక్కు ఉంది, దీన్ని ఎవరు వాడతారు, దేనికి వాడతారు అని. ఆ ట్రైనర్‌లో మామూలు గేమ్‌లో లేనివి పెట్టారు: దూరాన్ని బట్టి గురి మార్చుకోవడం, ఎదురొచ్చింది మనవాళ్ళ బండా శత్రువుల బండా గుర్తుపట్టడం, మనవాళ్ళని కొడితే తప్పు. ప్రోటోటైప్ దగ్గరే ఆగిపోయింది, సైన్యంలోకి వెళ్ళలేదు.

సైన్యంలోకి నిజంగా వెళ్ళింది సిమ్‌నెట్. ఇది కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే మీరు రోజూ ఫోన్‌లో ఆడే మల్టీప్లేయర్‌కీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. 1983లో డార్పా, అంటే అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ, జాక్ థోర్ప్ అనే ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ ఆలోచనతో ఈ ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. అప్పటిదాకా సిమ్యులేటర్ అంటే ఒక్కో మిషన్ కోట్ల డాలర్లు, అచ్చంగా అసలు విమానంలాగే ఉండాలి, ఒక్కడే కూర్చుని ఒక్కడే నేర్చుకోవాలి. థోర్ప్ వాళ్ళు ఏమన్నారంటే మనిషి ఒంటరిగా యుద్ధం చేయడు, పదుల ట్యాంకులు కలిసి కదలడం నేర్పాలి, దానికి అన్నిట్నీ నెట్‌వర్క్‌లో కలపాలి, అంత డబ్బు లేదు కాబట్టి ఒక్కో బాక్స్ చవగ్గా చేయాలి. చవగ్గా ఎలా? నేర్చుకోడానికి అవసరమైనంత నిజం మాత్రమే పెట్టు, మిగతాది వదిలేయ్. ట్యాంక్ లోపల ఈ పాఠానికి పనికిరాని స్విచ్‌ల దగ్గర ఉత్త బొమ్మ అతికించారు. దీన్ని సెలెక్టివ్ ఫిడెలిటీ అంటారు. నా లెక్కలో ఈ మొత్తం ఫీల్డ్‌లో ఇంతకన్నా తెలివైన ఆలోచన ఇంకోటి లేదు, ఎందుకంటే దీనికి ముందు మీరు కూర్చుని తేల్చుకోవాలి, నేను నేర్పేది ఏంటి, దానికి ఏది నిజంగా ఉండాలి, ఏది లేకపోయినా పర్లేదు అని.

ఇంకో సమస్య, అప్పటి నెట్‌వర్క్ స్పీడు. ప్రతి ట్యాంకూ ప్రతి క్షణం నేను ఇక్కడున్నాను ఇక్కడున్నాను అని అందరికీ పంపిస్తే లైన్ మూసుకుపోతుంది. అందుకని డెడ్ రెకనింగ్ పెట్టారు. నా స్పీడు, నా దిశ ఒకసారి చెప్తా, అక్కణ్ణుంచి నీ కంప్యూటర్ నేను ఎక్కడుంటానో లెక్క కట్టుకుంటూ నన్ను గీస్తుంది, నా దగ్గర కూడా అదే లెక్క నడుస్తూ ఉంటుంది, నేను నిజంగా ఉన్న చోటుకీ లెక్కలో ఉన్న చోటుకీ తేడా ఒక హద్దు దాటితే అప్పుడు మాత్రమే కొత్త ప్యాకెట్ పంపిస్తా. మీరు మ్యాచ్ ఆడుతున్నప్పుడు నెట్ స్లో అయితే అవతలివాడు గోడలోకి నడుచుకుంటూ పోయి ఒక్కసారిగా వెనక్కి గెంతుతాడు చూశారా? అది ఈ లెక్క తప్పి సర్దుకోవడం. సిమ్‌నెట్‌లో వచ్చిన ఈ పద్ధతులే తర్వాత వేర్వేరు సిమ్యులేటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి డీఐఎస్ అనే స్టాండర్డ్‌గా మారాయి, ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ లెక్కలో దాని నంబర్ 1278. గేమ్స్ నుంచి సైన్యం తీసుకుంది అని అందరూ అంటారు కానీ ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది.

సిమ్‌నెట్‌లో నన్ను కట్టిపడేసే విషయం 73 ఈస్టింగ్. 1991 ఫిబ్రవరి 26న గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ ఎడారిలో ఇసుక తుఫానులో జరిగిన ట్యాంకుల పోరు, మ్యాప్ మీద ఒక నిలువు గీత నంబరే దాని పేరు. అమెరికన్ రెజిమెంట్‌లో ఒక ట్రూప్, కెప్టెన్ హెచ్.ఆర్. మెక్‌మాస్టర్ నడిపింది, అరగంట కూడా కాకముందే పాతికకి పైగా ట్యాంకుల్ని ధ్వంసం చేసింది. యుద్ధం అయిపోయిన కొన్ని వారాలకే ఒక బృందం అక్కడికి వెళ్ళి, ఇసుకలో ట్యాంకులు నడిచిన గుర్తులు, కాలిపోయిన బళ్ళు ఎక్కడెక్కడున్నాయి, రేడియో మాటల రికార్డింగులు, సైనికుల జ్ఞాపకాలు అన్నీ పోగేసి ఆ పోరు మొత్తాన్ని సిమ్‌నెట్‌లో మళ్ళీ కట్టింది. మీరు పైనుంచి చూడొచ్చు, ఏ ట్యాంక్ లోపలికైనా దూరి వాళ్ళకి ఏం కనపడిందో చూడొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. అంటే నిజంగా జరిగిన యుద్ధానికే ఏఏఆర్ చేశారు. చచ్చిపోయినవాళ్ళు కూడా ఆ బొమ్మలో ఉన్నారు, ఆ సంగతి మర్చిపోకుండా చూడాలి దాన్ని.

ఇక డూమ్, రాక్షసుల్ని కాల్చుకుంటూ పోయే పీసీ గేమ్. మీలో ఎంతమంది ఆడారు? చేతులెత్తండి. బాగానే ఉన్నారే. 1996లో అమెరికా మెరైన్ కోర్‌కి క్వాంటికోలో ఉన్న మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ ఆఫీసులో డబ్బు పెద్దగా లేదు. మార్కెట్లో దొరికే గేమ్స్‌లో మాకు పనికొచ్చేది ఏదైనా ఉందా అని వెతుకుతూ డూమ్ 2 పట్టుకున్నారు. ఎందుకంటే డూమ్ చేసినవాళ్ళు మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు ఉండే ఫైల్‌ని ఎవరైనా మార్చుకునేలా విడిగా పెట్టారు, దాన్ని వ్యాడ్ ఫైల్ అంటారు. మెరైన్లు రాక్షసుల్ని తీసేసి మనుషుల్ని పెట్టారు, ముళ్ళ కంచె, బంకర్లు, గోతులు పెట్టారు, మెరైన్లు నిజంగా వాడే తుపాకులు పెట్టారు. మనవాడికి మనవాడి గుండు తగిలితే చచ్చిపోతాడు. డూమ్‌లో కలిసి ఆడేవాళ్ళు నలుగురే, మెరైన్ ఫైర్‌టీమ్‌లో కూడా నలుగురే, అలా కుదిరింది. మరి డూమ్‌లో తల పైకెత్తి చూడలేం, ఒక గది మీద ఇంకో గది కట్టలేం, అదేం సిమ్యులేటర్ అంటే, వాళ్ళు గురి నేర్పడానికి పెట్టలేదు దాన్ని. గురికి ఫైరింగ్ రేంజ్ ఉంది. నలుగురూ ఒకరి వెనక ఒకరు కాపు కాసుకుంటూ, మాట్లాడుకుంటూ కదులుతున్నారా, లీడర్ పడిపోతే రెండోవాడు వెంటనే పగ్గాలు తీసుకుంటున్నాడా, ఇంతే చూసేవాళ్ళు. 1997లో కమాండెంట్ జనరల్ క్రూలక్ నిర్ణయాలు తీసుకునే అలవాటు పెంచడానికి ఇలాంటి పీసీ గేమ్స్ వాడుకోవచ్చని ఆర్డర్ కూడా ఇచ్చారు.

సీఎస్ఈ వాళ్ళకి ఒక ముక్క. డూమ్ రీప్లే ఎలా దాస్తుందో తెలుసా? వీడియో తీయదు. సెకనుకి 35 టిక్స్, ఒక్కో టిక్‌లో ప్లేయర్ ఏ కీ నొక్కాడో అంతే రాసుకుంటుంది. తిరిగి చూడాలంటే ఆ కీలన్నీ మళ్ళీ గేమ్‌కి తినిపిస్తుంది, గేమ్ డిటర్మినిస్టిక్, అంటే అవే కీలు ఇస్తే ప్రతిసారీ అదే ఫలితం వస్తుంది కాబట్టి అచ్చం అలాగే జరుగుతుంది. ఫైల్ సైజు చాలా చిన్నది. ఏఏఆర్ చేయాలనుకునే వాళ్ళకి ఇది వరం.

తర్వాత కాలంలో డబ్బు వచ్చింది. 1999లో ఆర్మీ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీతో ఐదేళ్ళకి 4.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేటివ్ టెక్నాలజీస్ పెట్టించింది, సినిమా వాళ్ళు, గేమ్ వాళ్ళు, పరిశోధకులు ఒకే చోట. దాని గురించి ఇంకాసేపట్లో చెప్తా.

2002 జూలై 4న, వాళ్ళ స్వాతంత్ర్య దినం రోజు, అమెరికాస్ ఆర్మీ వచ్చింది. ఆర్మీ తన డబ్బుతో తానే చేయించి ఫ్రీగా ఇచ్చిన గేమ్, మాంటెరీలో నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో తయారైంది, గేమ్స్ కట్టడానికి వాడే అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ మీద. అందులో కొన్ని చాలా బాగా ఆలోచించి చేశారు, ఒప్పుకోవాలి. మెడిక్ అవ్వాలంటే గేమ్ లోపల క్లాసులో కూర్చుని పాఠం విని పరీక్ష పాసవ్వాలి, ఊపిరి దారి చూడు, రక్తం ఆపు, ఇలా. ట్రైనింగ్ సార్జెంట్ మీద కాల్పులు జరిపితే తిన్నగా జైలు గదిలో తేలతారు. కొన్నేళ్ళ తర్వాత ఆ గేమ్ ఆడిన ఒకతను హైవే మీద యాక్సిడెంట్ అయిన బండిలోంచి మనుషుల్ని బయటికి లాగి రక్తం ఆపగలిగాడు, గేమ్‌లో మెడిక్ క్లాసులో నేర్చుకున్నదే గుర్తొచ్చింది అన్నాడు.

కానీ ఈ గేమ్ ట్రైనింగ్ కోసం పుట్టలేదు, సైన్యంలో చేరండి అని కుర్రాళ్ళకి చెప్పడానికి పుట్టింది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్తా. అందులో రెండు టీమ్‌లు ఆడుతుంటే ప్రతి టీమ్‌కీ తాము అమెరికన్ సైనికుల్లాగే కనపడతారు, అవతలివాళ్ళే శత్రువు. ఎవ్వరూ ఎప్పుడూ శత్రువు వేషంలో ఉండరు. రక్తం పెద్దగా కనపడదు, పోయినవాడు తర్వాత రౌండ్‌లో లేచొస్తాడు. 13 ఏళ్ళ పిల్లలకి కూడా అందుబాటులో పెట్టారు. ట్రైనింగ్ గేమ్‌లో తప్పు ఎందుకు జరిగిందో అడిగే ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు, ఇక్కడ ఎవరూ లేరు, ఏఏఆర్ లేదు. 2006లో జోసెఫ్ డెలాప్ అనే కళాకారుడు ఆ గేమ్‌లోకి వెళ్ళి తుపాకీ పక్కన పడేసి, ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికుల పేర్లు ఒక్కొక్కటే చాట్‌లో టైప్ చేస్తూ పోయాడు. మిగతా ప్లేయర్లు కాల్చేసేవాళ్ళు, మళ్ళీ వచ్చి టైప్ చేసేవాడు. ఆయన చేసింది న్యాయమైన పని అని నా నమ్మకం. 2022 మేలో ఆ గేమ్ సర్వర్లు ఆపేశారు.

అదే ఇరాక్ యుద్ధ కాలంలో అసలైన ట్రైనింగ్ ఇంకో దారిలో నడిచింది. రోడ్డు మీద కాన్వాయ్‌లు వెళ్తుంటే పక్కన పాతిపెట్టిన బాంబులు, మెరుపు దాడులు. డ్రైవర్లు, వంటవాళ్ళు, సామాన్లు మోసేవాళ్ళు, వీళ్ళంతా ఒక్కసారిగా యుద్ధం మధ్యలో పడ్డారు. చెక్ దేశంలో బొహీమియా ఇంటరాక్టివ్ అనే కంపెనీ చేసిన ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ అనే గేమ్ తీసుకుని దాని మీద దార్వార్స్ అంబుష్ అని డార్పా డబ్బుతో తయారుచేశారు. దీని గొప్పతనం గ్రాఫిక్స్‌లో లేదు. పోయిన వారం ఇరాక్‌లో శత్రువు కొత్త ఎత్తు వేశాడంటే, ప్రోగ్రామర్ కోసం ఆగకుండా సైనికులే ఎడిటర్ తెరిచి ఆ సీన్‌ని తయారుచేసుకునేవాళ్ళు, బయల్దేరబోయే బ్యాచ్‌కి అదే ఆడించేవాళ్ళు. మామూలుగా సైన్యంలో ఒక సిమ్యులేటర్ మార్చాలంటే టెండర్, కాంట్రాక్ట్, ఏళ్ళకి ఏళ్ళు. అదే బొహీమియా కుటుంబం నుంచి వచ్చిన వీబీఎస్, వర్చువల్ బ్యాటిల్‌స్పేస్, ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్ ఇలా చాలా దేశాల సైన్యాలు తీసుకున్నాయి. ఏఏఆర్ అందులో మొదటి నుంచీ ముఖ్యమైన భాగం, టైమ్‌లైన్ వెనక్కి జరిపి ఎవరి కళ్ళలోంచైనా చూడొచ్చు, ఎవరి గుండు ఎవరికి తగిలిందో గీతలు గీసి చూపిస్తుంది. లింక్ క్రాబ్ గుర్తొచ్చిందా?

ఇందాక చెప్తానన్న ఇన్‌స్టిట్యూట్ సంగతి. వాళ్ళు ఆర్మీ కోసం ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్ అని ఒక గేమ్ చేయించారు, 2004లో మార్కెట్లోకి వచ్చింది, ట్రైనింగ్‌కి అది అంతగా పనికిరాలేదని విమర్శలొచ్చాయి. కానీ అందులో ఇరాక్ వీధులు, ఇళ్ళు, బళ్ళు అన్నీ త్రీడీలో ఉన్నాయి కదా. స్కిప్ రిజ్జో అనే సైకాలజిస్ట్ ఆ బొమ్మల్నే తీసుకుని, యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్రపట్టక, చప్పుడైతే ఉలిక్కిపడే సైనికులకి, అంటే పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళకి, వైద్యం కోసం వర్చువల్ ఇరాక్ తయారుచేశారు. పేషెంట్ హెడ్‌సెట్ పెట్టుకుని తనకి జరిగిన సంఘటనని నోటితో చెప్తుంటాడు, పక్కన థెరపిస్ట్ తన స్క్రీన్ మీద దానికి తగ్గట్టు వీధి మారుస్తాడు, చీకటి చేస్తాడు, దూరంగా హెలికాప్టర్ చప్పుడు పెడతాడు, కుర్చీ కింద అదురు పెడతాడు, డీజిల్ వాసన, కాలిన రబ్బరు వాసన కూడా వదలగలిగే మిషన్ పెట్టారు. అన్నీ ఒకేసారి కాదు, మనిషి తట్టుకునేంత, కొంచెం కొంచెం. సెషన్ అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటారు, అసలు మందు అక్కడుంది. యుద్ధానికి పంపడానికి గీసిన వీధి, యుద్ధం మిగిల్చిన గాయాన్ని మాన్పడానికి వాడారు. నాకు ఈ మొత్తం చరిత్రలో గర్వంగా చెప్పుకోవాలనిపించేది ఇది.

సైన్యం గురించే ఎక్కువ చెప్పాను, ఎందుకంటే డబ్బు అక్కడుంది కాబట్టి పని అక్కడ జరిగింది. మిగతా డిపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మీలాంటి స్టూడెంట్సే న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌తో కలిసి హాజ్‌మ్యాట్ హాట్‌జోన్ అని చేశారు, విషవాయువు లీకైన చోటికి ఫైర్‌మెన్ వెళ్తే ఏం చేయాలి అని. అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళు, ఆర్మీ పరిశోధకులు కలిసి ఎడ్జ్ అని అన్‌రియల్ ఇంజిన్ మీద ఒకటి చేశారు. మొదట ఒక హోటల్లో దుండగుడు కాల్పులు జరుపుతున్న సీన్, తర్వాత 2018లో స్కూల్ వెర్షన్. అందులో పోలీసులతో పాటు టీచర్లు కూడా ఆడతారు. మీరు టీచర్, బయట తుపాకీ చప్పుడు, తలుపు మూస్తారా, పిల్లల్ని బయటికి పరిగెత్తిస్తారా, మాట వినకుండా భయంతో బిగుసుకుపోయిన పిల్లాణ్ణి ఏం చేస్తారు. ఒక దేశంలో టీచర్లకి ఇది నేర్పాల్సి రావడం ఎంత దుఃఖమో నాకు తెలుసు, కానీ నేర్పాల్సి వచ్చినప్పుడు నిజం పిల్లల మధ్య డమ్మీ తుపాకులు పేల్చి డ్రిల్ చేసి వాళ్ళని బెదరగొట్టడం కన్నా పెద్దవాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకోవడం వెయ్యి రెట్లు మేలు.

ఇప్పుడు ఇది ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్పాలి. మొదటిది నెగెటివ్ ట్రైనింగ్. గేమ్‌లో కారు తలుపు వెనక దాక్కుంటే గుండు తగలదనుకోండి, నిజంగా కారు తలుపు చాలా తుపాకీ గుండ్లని ఆపదు. వంద సార్లు ఆడిన చెయ్యి వందోసారి నేర్చుకున్నదే నిజంలో చేస్తుంది. నేర్పకపోవడం కన్నా తప్పు నేర్పడం ప్రమాదం. అందుకే మనం రాసే ఫిజిక్స్‌లో ఒక చిన్న షార్ట్‌కట్ ఎవరి ప్రాణం మీదకి రావొచ్చో ఆ ఫీల్డ్ తెలిసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూసుకోవాలి.

రెండోది కళ్ళు తిరగడం. కళ్ళు కదులుతున్నాం అంటాయి, చెవి లోపలి భాగం కదలట్లేదు అంటుంది, కడుపులో తిప్పుతుంది. సిమ్యులేటర్ సిక్‌నెస్ అని దీన్ని అమెరికా నేవీ వాళ్ళు దశాబ్దాలుగా చూస్తున్నారు. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ అనే హెడ్‌సెట్ ఆధారంగా సైనికుల కోసం ఐవాస్ అని కళ్ళజోడు చేయడానికి 2021లో పదేళ్ళకి దాదాపు 2,200 కోట్ల డాలర్ల దాకా వెళ్ళగల కాంట్రాక్ట్ ఇచ్చారు. టెస్టుల్లో సైనికులు తలనొప్పి, కళ్ళ మంట, వికారం అన్నారు, డిజైన్ మార్చుకుంటూ వచ్చి, 2025లో ఆ ప్రోగ్రామ్ నడిపే బాధ్యత ఆండ్యురిల్ అనే ఇంకో కంపెనీకి వెళ్ళింది. అంత డబ్బున్నా మనిషి చెవి లోపలి ద్రవాన్ని ఒప్పించలేకపోయారు. ఇంకో పక్క అమెరికా ఎయిర్‌ఫోర్స్ 2018లో టెక్సస్‌లో పైలట్ ట్రైనింగ్ నెక్స్ట్ అని మార్కెట్లో దొరికే వీఆర్ హెడ్‌సెట్లతో ఒక ప్రయోగం చేసింది, 20 మంది మొదలుపెడితే 13 మంది ఆరు నెలల్లో పూర్తిచేశారు, అప్పట్లో మామూలుగా దానికి ఏడాది పట్టేది. అంటే వస్తువు ఖరీదుకీ ఫలితానికీ లెక్క కుదరాలని లేదు.

మన దగ్గర? హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ అనే కంపెనీ 1993 నుంచి ఉంది, పోలీసులకీ సైన్యానికీ ఫైరింగ్ సిమ్యులేటర్లు, డ్రైవింగ్ సిమ్యులేటర్లు చేస్తారు, తెలుగు నేల మీద ఈ పని చేస్తున్నవాళ్ళు ఉన్నారని మీకు తెలియాలి. మీ కాలేజీ నుంచి గన్నవరం వైపు వెళ్తే కొండపావులూరులో ఎన్డీఆర్‌ఎఫ్, అంటే విపత్తులొస్తే సాయానికి వెళ్ళే జాతీయ దళం, పదో బెటాలియన్ ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది, మీలో కొందరి ఇళ్ళు అక్కడే ఉండి ఉంటాయి. ఏ వీధికి ముందు పడవ పంపాలి, ఏ అపార్ట్‌మెంట్‌లో ముసలివాళ్ళున్నారు, పాలు నీళ్ళు ఎక్కడ దించాలి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ వార్డు సచివాలయం ఉద్యోగి, వీఆర్వో, స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్ళు, పోలీసు, ఎన్డీఆర్‌ఎఫ్ అందరూ కూర్చుని ఎండాకాలంలోనే ఒకసారి ఆడి చూడొచ్చు. నీళ్ళ ఎత్తు పెంచుతూ పో, ఒక సెల్ టవర్ ఆపెయ్, ఒక వంతెన మూసెయ్, ఏం చేస్తారో చూడు. నిర్ణయాలు తీసుకునేది కాళ్ళతో కాదు కాబట్టి దీనికి హెడ్‌సెట్లు అక్కర్లేదు, మ్యాపూ ఫోన్లూ గడియారం చాలు. సిమ్‌నెట్ వాళ్ళ మాట గుర్తుపెట్టుకోండి, అవసరమైనంత నిజం.

నేను చెప్పాల్సింది చెప్పేశా. ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, మేం రోజూ ఫోన్‌లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడతాం. అది ఏమైనా స్కిల్ కింద లెక్కలోకి వస్తుందా?)

నలుగురితో మాట్లాడుకుంటూ ఆడతారు కాబట్టి మాట క్లుప్తంగా చెప్పడం కొంత అలవాటు అవుతుంది, అది నిజం. కానీ లెక్కలోకి రావడం అంటే వేరు. విమానాల్లోనే చూడండి, 1990ల చివర్లో అమెరికా నేవీ తన ట్రైనీ పైలట్లకి ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోమని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌ని మార్చి ఇచ్చింది, పనికొచ్చింది కూడా. అయినా లైసెన్స్ కోసం గంటలు లెక్కపెట్టేటప్పుడు ఇంట్లో ఆడిన గంటలు రావు, అథారిటీ పరీక్షించి ఆమోదించిన పరికరం మీద, ఇన్‌స్ట్రక్టర్ చూస్తుండగా చేసినవే వస్తాయి. మీరు మ్యాచ్ అయ్యాక రీప్లే వేసుకుని నలుగురూ కూర్చుని ఎక్కడ చెడిందో రాసుకుంటున్నారా? లేదు కదా, వెంటనే తర్వాత మ్యాచ్‌కి వెళ్తారు.

(ఒక విద్యార్థిని: సార్, ఇది చేయాలంటే అన్‌రియల్ నేర్చుకోవాలా, యూనిటీ నేర్చుకోవాలా? మా దగ్గర ల్యాబ్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డులు లేవు.)

కార్డులు లేకపోవడం మీకు అడ్డు కాదమ్మా. గోడో అని ఇంకో గేమ్ ఇంజిన్ ఉంది, అది ఫ్రీ, మామూలు మిషన్ మీద నడుస్తుంది, దానితో మొదలుపెట్టండి. మీ హాస్టల్ బిల్డింగ్ తీసుకోండి, టేపు పట్టుకుని మెట్ల వెడల్పు, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఇవి కొలిచి రాసుకోండి. రెండో అంతస్తులో పొగ మొదలైంది అని సీన్ పెట్టండి. వార్డెన్ గారినీ వాచ్‌మన్ గారినీ కూర్చోబెట్టి ఆడించండి. కోడ్‌లో మొదట రాయాల్సింది లాగ్ ఫైల్, టైము, ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, ఒక్కో లైను. ఆ తర్వాత దాన్ని వెనక్కి తిప్పి చూపించే ప్లేయర్. గోడలకి రంగులు ఆఖర్న వేసుకోవచ్చు. వాచ్‌మన్ గారు ఏ తాళంచెవి వెతుక్కుంటూ ఎన్ని సెకన్లు నిలబడిపోయారో ఆ లాగ్‌లో దొరికిందంటే, దాన్ని ప్రింట్ తీసి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళ్ళండి, తాళం మార్పించండి. వచ్చే నెల నేను మళ్ళీ ఇటు వస్తాను, అప్పటికి మీ దగ్గర లాగ్ ఉంటే కూర్చుని చూద్దాం.